పిలిస్తే పలికే బొమ్మలు

బూర ఊదగానే కొత్తలంకలో సగం ఊరికి జబ్బు చేసింది.

ఏటా జరిగేదే. పూడికతీతకు పిలుపు వచ్చేవరకూ నిక్షేపంగా తిరిగిన మనుషులకు ఆ బూర చెవిన పడగానే నడుములు పట్టేస్తాయి, మోకాళ్ళు వాచిపోతాయి, ఇళ్ళలో పెద్దవాళ్ళు ప్రాణం మీదకు తెచ్చుకుంటారు. ఇంటికొకరు చొప్పున ఊరంతా కాలువ దగ్గరికి రావాలి. వచ్చింది నలుగురు. ఆ నలుగురిలో ముగ్గురు తాము ఎందుకు రాలేమో చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు. కాలువ ఇంజనీరు పేరిందేవి గట్టు మీద నిలబడి పళ్ళు కొరుక్కుంది.

ఆ ముగ్గురిలో చివరివాడు భూషయ్య. కుడిచేతికి పెద్ద కట్టు కట్టుకుని, దాన్ని ఎడమచేత్తో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చాడు. తేలు కుట్టిందన్నాడు.

"అంగారకుడి మీద తేళ్ళెక్కడివి భూషయ్యా?" అంది పేరిందేవి.

"అదేనండమ్మగారూ, నాకూ విడ్డూరంగానే ఉంది," అన్నాడు భూషయ్య. "ఇంత దూరం ఎలా వచ్చిందో పాపం."

ఇది నూట యాభై ఏళ్ళ తర్వాత జరగబోయే సంగతి. అప్పటికి మనమెవరమూ ఉండం కనుక కాదనేవాళ్ళూ ఉండరు. అంగారక గ్రహం మీద ఒక లోయకు ఈ చివరి నుంచి ఆ చివరికి గాజుకప్పు వేసి, లోపల గాలి నింపి, మనవాళ్ళు ఊరు కట్టుకున్నారు. అక్కడ నది లేదు, లంకా లేదు. అయినా పేరు కొత్తలంక అనే పెట్టుకున్నారు. ఉత్తర ధ్రువం దగ్గర కొండంత మంచు ఉంది. దాని మీదకు అద్దాలు తిప్పి, ఎండను గుమ్మరించి కరిగిస్తారు. ఆ నీరు గొట్టాల్లో పరిగెత్తుకొచ్చి లోయ తల దగ్గర కాలువలో పడుతుంది. గొట్టంలో నీరు పారుతున్నంతసేపే నీరు. ఆగిందా, క్షణంలో గడ్డకట్టి గొట్టాన్ని చీల్చేస్తుంది. కాబట్టి అద్దాలు తిప్పాక ఇక వెనక్కి పోవడం ఉండదు.

చిక్కల్లా ధూళితో వచ్చింది. గాజుకప్పు అతుకుల్లోంచి ఎర్రధూళి ఏడాది పొడుగునా కాలువలోకి దిగుతుంది. అది ఎంత సన్ననిదంటే, దాని పక్కన పెడితే బియ్యప్పిండి కంకరరాళ్ళలా కనిపిస్తుంది. కొత్తలంకలో జనం తుమ్మితే ఎదుటివాళ్ళు ఎర్రబడేవారు. పెద్ద యంత్రాలు దింపుదామంటే కాలువ అడుగున నీరు ఇంకిపోకుండా పరిచిన పింగాణీ పలక పగిలిపోతుంది. చిన్న యంత్రాలు దింపితే వాటి బేరింగుల్లోకి ధూళి దూరి అవి పట్టేస్తాయి. మనుషులు గ్రహం దాటి వచ్చారు గానీ పారనూ తట్టనూ దాటి రాలేకపోయారు.

ఈసారి పేరిందేవికి మరీ కడుపు మండిపోతోంది. ఎందుకంటే ఈ ఏడు ఊరంతా మొదటిసారి వరి వేసింది. వేయించింది ఆవిడే. అంతకు ముందు పదేళ్ళుగా అందరూ తొట్లలో పెంచిన పచ్చటి పాచిని ముద్దలు చేసుకుని తింటున్నారు. పొద్దున పాచిముద్ద, మధ్యాహ్నం పాచిముద్ద, పెళ్ళిలో అయితే తీపి పాచిముద్ద. తొట్లు తీసేసి మళ్ళు కడదామని, నీళ్ళు నేను తెస్తానని, పంచాయతీలో నిలబడి ఆవిడ మాటిచ్చింది. ఇప్పుడు నారు జానెడు ఎదిగి నీటి కోసం ఎదురుచూస్తోంది. తొట్లు లేవు. నీళ్ళు రాకపోతే వరీ లేదు, పాచీ లేదు.

"ఎంత అదృష్టవంతురాలివి పిల్లా," అన్నాడు పక్కనుంచి త్రినాథం. "తేలు సాకు మూడువేల ఏళ్ళ నాటిది. దాన్ని నీ కళ్ళతో చూశావు."

త్రినాథం ఆవిడ అక్క మొగుడు. భూమి మీద ఉన్నప్పుడు ప్రాచీన ఈజిప్టు చరిత్ర చెప్పేవాడు. అక్క డాక్టరు కనుక ఆమెను ఓడెక్కించారు. ఈయన ఆమె సామానులో భాగంగా వచ్చాడు. పేరిందేవికి యాభై దాటినా ఆయనకు ఇంకా పిల్లే.

"బావగారూ, మీకు దణ్ణం పెడతాను. ఈజిప్టు ఇప్పుడు వద్దు," అంది.

వద్దంటే ఆగే మనిషి కాదాయన. రాజుల సమాధులు చెక్కే పనివాళ్ళ ఊరొకటి ఉండేదని, అక్కడ పనికి రానివాళ్ళ సాకులన్నీ రాతిపెంకుల మీద రాసిపెట్టారని చెప్పుకొచ్చాడు. ఒకడు ఇంట్లో బీరు కాస్తున్నానంటాడు. ఒకడు శవానికి గుడ్డలు చుట్టాలంటాడు. ఒకడికి తేలు కుడుతుంది. నైలు వరద తీయగానే గట్లు వేయాలి, కాలువలు తవ్వాలి. రాజుగారి మనుషులు ఊళ్ళ మీద పడి దొరికినవాణ్ణి దొరికినట్టు తోలుకుపోయేవారు. రొట్టె పెట్టేవారు, బీరు పోసేవారు, వీపు మీద బెత్తం కూడా వేసేవారు.

"ఆ పని అంటే వాళ్ళకి ఎంత భయమంటే, చచ్చాక కూడా తప్పదనుకున్నారు," అన్నాడు. "వాళ్ళ స్వర్గం ఏమిటనుకున్నావు? కాలువ పక్కన ఇంకో ఊరు. అక్కడా చేలు దున్నాలి, గట్లు వేయాలి, ఇసుక తూర్పు నుంచి పడమరకు మొయ్యాలి."

"స్వర్గంలోనూ పూడికతీతేనా?"

"మరి? అందుకే ఉపాయం చేశారు."

చొక్కా జేబులోంచి గుడ్డ చుట్టిన బొమ్మ తీశాడు. భూమి మీద ఒక మ్యూజియం వాళ్ళు అంగారకుడికి కానుకగా పంపింది. దానికి కాపలాదారు ఈయనే. అరచేతిలో ఇమిడిపోతుంది. నీలంగా నిగనిగలాడుతోంది. గుండెల మీద చేతులు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు పారలు పట్టుకుంది. ఫలానావాణ్ణి పనికి పిలిస్తే 'ఇదిగో ఉన్నాను' అని నువ్వు పలకాలి, అని దాని ఒంటి మీద రాసి శవంతోపాటు సమాధిలో పెట్టేవారట. చనిపోయినవాడు నీడన కూర్చుంటాడు, బొమ్మ మన్ను మోస్తుంది. గుమాస్తా నుంచి రాజు వరకూ అందరికీ ఉండేవట ఈ బొమ్మలు.

"ఎంత కొత్తగా ఉందో చూడు," అన్నాడు త్రినాథం. "పార మొన కూడా అరగలేదు."

పేరిందేవి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆవిడ మొహం మీంచి విసుగు జారిపోయింది. నిగనిగలాడే పింగాణీ ఒళ్ళు. అతుకు లేదు. ధూళి దూరడానికి సందు లేదు. బావగారిని అక్కడే వదిలేసి ప్రయోగశాలకు పరిగెత్తింది.

బదులుబొమ్మ అలా పుట్టింది. ఎర్రమట్టిని కాల్చి, నీలం పూత పూసి, మోకాలెత్తు బొమ్మను చేసింది. లోపల బ్యాటరీ, సెన్సర్లు, కండరాల్లా ముడుచుకునే తీగలు. ఒళ్ళు చేయడం తేలికే అయింది. బుర్ర దగ్గర తిప్పలు మొదలయ్యాయి. పార పట్టి పూడిక తీయడం చూసేవాళ్ళకు మొరటు పని. చేసేవాళ్ళకు తెలుసు, ఎక్కడ మన్ను బిగిసిందో మణికట్టుకు తెలియాలి, పలకకు తగలబోయే ముందే చెయ్యి ఆగాలి. ఈ నేర్పు ప్రోగ్రాము రాస్తే వచ్చేది కాదు. మనిషి నుంచి తీయాల్సిందే. దానికి ఆవిడ 'స్వభావ ముద్రిక' అని ఒక టోపీ తయారుచేసింది. దాన్ని తల మీద పెట్టుకుని కాసేపు కూర్చుంటే న్యూరల్ స్కాన్ తీసుకుని, ఆ మనిషి చేతివాటమంతా బొమ్మలోకి ముద్ర వేస్తుంది. ఎవరి బొమ్మ వాళ్ళది. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళ బొమ్మ పలుకుతుంది.

పనికి రాని జనం ముద్ర వేయించుకోవడానికి మాత్రం తోసుకుంటూ వచ్చారు. భూషయ్య కట్టు విప్పేసుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు.

మొదటి రోజు చూడాలి ఆ వైభోగం. బూర ఊదగానే నీలం బొమ్మలు కాలువలోకి బారులు తీరి దిగాయి. పేరు పిలిస్తే ఒక్కొక్కటీ 'ఇదిగో ఉన్నాను' అంది. పారలు లేచి పడుతుంటే గట్టు మీద ఎర్రమన్ను గుట్టలైంది. జనం ఇళ్ళ అరుగుల మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ తమ బొమ్మ గొప్పంటే తమ బొమ్మ గొప్పని పందేలు కాసుకున్నారు. పేరిందేవి ఆ సాయంత్రమే ధ్రువానికి కబురు పంపి అద్దాలు తిప్పించింది.

అక్కడే తొందరపడింది.

రెండో రోజు బొమ్మలు ఆలస్యంగా వచ్చాయి. మూడో రోజు సగం వచ్చాయి. వచ్చినవి పార మీద గడ్డం ఆనించి నిలబడ్డాయి. పెద్ద మలుపు దగ్గర పూడిక గుండెల్లోతున ఉండగానే ఒక గుంపు గట్టు నీడన చేరింది. వెళ్ళి చూస్తే మధ్యలో త్రినాథం బొమ్మ కూర్చుని, ఈజిప్టులో పిల్లి చచ్చిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకునేవారని కథ చెబుతోంది. మిగతావి నోళ్ళు తెరుచుకుని వింటున్నాయి.

పేరిందేవి భూషయ్య బొమ్మను పట్టుకుని పని ఎందుకు చేయడం లేదని నిలదీసింది. అది తన పింగాణీ చెయ్యి చూపించి, తేలు కుట్టిందని చెప్పింది.

ఆవిడకు తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. అసలు సంగతి అప్పుడు అర్థమైంది. చేతివాటం ఒక్కటే ఊడి రాలేదు, మనిషి మొత్తం వచ్చేశాడు. ఒక బొమ్మను విప్పి అందులోంచి బద్ధకాన్ని వెతికి వెతికి కత్తిరించింది. ఆ బొమ్మ ఎంత కష్టపడిందంటే, నిలబడ్డచోటే తవ్వుకుంటూ పోయి, పలక పగలగొట్టుకుని, మెడదాకా దిగబడిపోయి, ఇంకా తవ్వుతూనే ఉంది. బద్ధకంతోపాటు నేర్పూ పోయింది. తక్కువ కదిలి ఎక్కువ మన్ను తీయడమెలాగో కనిపెట్టింది పని తప్పించుకోవాలనుకున్న మనిషే కదా మరి.

"ఈజిప్టువాళ్ళకీ ఇదే గొడవ వచ్చినట్టుంది," అన్నాడు త్రినాథం, అడగకుండానే. "కొన్నాళ్ళకి ప్రతి పది బొమ్మలకీ ఒక మేస్త్రీ బొమ్మను పెట్టారు. దాని చేతిలో పార ఉండదు, కొరడా ఉంటుంది."

పేరిందేవి అదీ చేసింది. మేస్త్రీ బొమ్మల కోసం పెత్తనం చేసే స్వభావం కావాలని చాటించగానే ఊళ్ళో ఆ సరుకుకు కొరత లేదని తేలింది. వీధి చివర మంగతాయారు ముద్ర అన్నిటికంటే గట్టిగా పడింది. ఆవిడ మొగుడు పదేళ్ళుగా గొంతెత్తి మాట్లాడింది లేదని ఊళ్ళో అనుకునేవారు. మేస్త్రీ బొమ్మలు దిగిన రోజున కాలువలో కేకలు మాత్రం గాజుకప్పు అదిరేలా వినిపించాయి. మధ్యాహ్నానికి మేస్త్రీలందరూ ఒకచోట చేరి, తమలో పెద్ద మేస్త్రీ ఎవరన్న దాని మీద మాటామాటా పెంచుకున్నారు. పార ఒక్కటీ లేవలేదు.

ఆ మధ్యాహ్నమే ధ్రువం నుంచి కబురొచ్చింది. నీరు గొట్టం ఎక్కింది. రేపు పొద్దు వాలేసరికి లోయ తల దగ్గర పడుతుంది. పెద్ద మలుపు దగ్గర పూడిక ఉన్నట్టే ఉంది. నీరు వచ్చి దానికి కొట్టుకుని గట్టు పొర్లి, మళ్ళకు అందకుండా ఇసుకలో ఇంకిపోతుంది. పేరిందేవి నారుమళ్ళ వైపు చూసింది. కొనలు పసుపెక్కుతున్నాయి.

సరే, ఊరంతా సోమరిపోతులైతే నేనూ అంతేనా, అనుకుంది. ముద్రిక తన తల మీదే పెట్టుకుంది. పెళ్ళైన నాడు కూడా సెలవు పెట్టని మనిషి ఆవిడ. అలాంటి ముద్ర పడిన బొమ్మ తెల్లారేలోగా మలుపంతా ఊడ్చి పారేస్తుందని నమ్మి, దాన్ని కాలువలో దించి, పడుకోను కూడా పడుకోకుండా కాగితాల పని చేసుకుంది.

తెల్లవారి వెళ్ళి చూస్తే బొమ్మ కాలువలో లేదు. గట్టు మీద ఉంది. ఒక్క తట్ట మన్నూ కదల్లేదు. బొమ్మ కూర్చుని మట్టి పిసికి, జానెడు బొమ్మనొకదాన్ని శ్రద్ధగా తయారుచేస్తోంది.

"ఏం చేస్తున్నావు నువ్వు?" అంది పేరిందేవి కోపంగా.

"కనిపించడం లేదా? పూడిక తీయడానికి బొమ్మను చేస్తున్నాను," అంది బొమ్మ, తలెత్తకుండా. గొంతులో విసుగు అచ్చం ఆవిడదే.

"తీయమన్నది నిన్ను."

"తీయడం నా పని కాదు. తీయించడం నా పని."

పేరిందేవి అక్కడే గట్టు మీద చతికిలపడింది. పక్కన వచ్చి నిలబడిన త్రినాథం కూడా మర్యాద కోసం నవ్వు ఆపుకుంటున్నాడు. ఆవిడ కాసేపు ఆ బొమ్మనే చూసింది. మట్టి పిసికే ఆ చేతుల్లో ఎంత హుషారు. పని తన మీద పడకుండా ఇంకొకరి మీద వేయడానికి ఆ పింగాణీ ఒళ్ళు ఎంత చెమటోడ్చడానికైనా సిద్ధంగా ఉంది. ఊళ్ళో ఏ బొమ్మను చూసినా అంతే. ఆ ఒక్క పనిలోనే వాటికి బద్ధకం లేదు.

చివాల్న లేచి బూర అందుకుంది. బొమ్మలన్నీ బద్ధకంగా వచ్చి చేరాయి. వాటికి ఆవిడ చెప్పింది ఒక్కటే మాట. ఎవరైతే తమ బదులు ఒక మనిషిని తెచ్చి కాలువలో దింపుతారో వాళ్ళకు ఇక పూడిక పని లేదు.

బొమ్మలు పరిగెత్తాయి. అవి పరిగెత్తగలవని అంతవరకూ వాటిని చేసిన మనిషికి కూడా తెలియదు. నీలం పిడుగుల్లా వీధుల్లో పడి, ఎవరి బొమ్మ వాళ్ళ ఇంట్లోకే దూరింది. పరాయి ఇంటికి ఎందుకు పోతుంది? తన మనిషి గుట్టు తనకు తెలిసినట్టు ఇంకెవరి గుట్టు తెలుస్తుంది? నడుము పట్టేసిందన్నవాడితో వాడి బొమ్మ, ఏ పక్కన పట్టిందో నిన్ననే మరిచిపోయావు కదా అంది. అత్తగారికి ఒంట్లో బాగాలేదన్న ఆమెతో ఆమె బొమ్మ, అత్తగారు బాగుండాలని నువ్వెప్పుడు కోరుకున్నావు అని వీధిలో నలుగురూ వినేలా అడిగింది. భూషయ్య గబగబా కట్టు కట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"తేలు కుట్టిందే," అన్నాడు నీరసంగా.

"నన్నూ అదే కుట్టింది," అంది బొమ్మ. "బొత్తిగా నొప్పి లేదు. పద."

మంగతాయారు ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. లోపలి నుంచి రెండు గొంతులు ఒకదాన్ని మించి ఒకటి లేచాయి. రెండూ ఒకే గొంతు. ఆఖరికి ఒకటి ఆగిపోయింది. కాసేపటికి మంగతాయారు పార భుజాన వేసుకుని మాట్లాడకుండా బయటికొచ్చింది. వెనకే ఆమె మొగుడు, కళ్ళు తుడుచుకుంటూ, అంత సంతోషాన్ని తట్టుకోలేక తనే ఒక తట్ట అందుకుని వచ్చాడు.

పొద్దెక్కేసరికి ఊరు ఊరంతా పెద్ద మలుపు దగ్గర దిగి ఉంది. గట్టు మీద బొమ్మలు చేతులు కట్టుకుని నిలబడి, ఎక్కడ తీయాలో, ఎలా తీస్తే చెయ్యి నొప్పి పుట్టదో చెబుతున్నాయి. తమ బద్ధకం తమకే పాఠం చెబుతుంటే జనం తిట్టుకుంటూ మన్నెత్తారు. త్రినాథాన్ని ఆయన బొమ్మ, ఒక కథ చెబుతాను రమ్మని తీసుకెళ్ళి, కథ మొదలుపెట్టి, మిగతాది లోపలికి దిగితేగానీ చెప్పనంది. ఆయన దిగాడు.

పేరిందేవికి ఎన్నాళ్ళ తర్వాతో ఊపిరి సాఫీగా ఆడింది. గట్టు మీద రెండు చేతులూ వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది. ఇంతలో చీర కుచ్చిళ్ళు ఎవరో లాగినట్టయింది. చూస్తే తన బొమ్మ. తనకంటే పొడుగున్న పారను ఈడ్చుకుంటూ వచ్చింది.

"నేనూ ఒక మనిషిని దింపాలిగా," అంది బొమ్మ.

"వెళ్ళి ఎవర్నైనా తెచ్చుకో. నాకు పనుంది. ఇంతమంది దిగారు, చూసుకోవద్దూ?"

"అది నేను చూసుకుంటాను. నీకు వచ్చినంతా నాకూ వచ్చు."

పేరిందేవి నోరు తెరిచింది. ఇంజనీరునంది. నడుం సంగతి చెప్పబోయింది. బొమ్మ మొహం చూసి అది కూడా మధ్యలో ఆపేసింది. కాలువలో పారలు ఆగాయి. ఊరంతా తలెత్తి ఆవిడ వైపే చూస్తోంది. భూషయ్య అయితే కట్టు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని మరీ చూస్తున్నాడు. లోయ తల వైపు నుంచి గొట్టాల్లో నీరు మూలుగుతున్న చప్పుడు సన్నగా మొదలైంది.

బొమ్మ గట్టు అంచున నిలబడి, గొంతు సవరించుకుని, అందరి పేర్లూ పిలిచినట్టే పిలిచింది.

"పేరిందేవీ."

ఆవిడ పార అందుకుంది. కుచ్చిళ్ళు ఎగదోపుకుంది.

"ఇదిగో ఉన్నాను," అంటూ దిగింది.

పొద్దు వాలుతుండగా నీరొచ్చింది. ఆఖరి మనిషి గట్టెక్కి వెనక్కి తిరిగేలోగా మలుపు తిరిగి, ఎర్రగా, నురగ కక్కుకుంటూ, మళ్ళ వైపు పోయింది. చీకటి పడేలోగా నారు కొనలు నిటారుగా లేచాయని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత తొందరగా లేస్తాయా అని అడిగితే అంగారకుడి వరి సంగతి నీకేం తెలుసంటారు.

కోతలయ్యాక ఊరంతా ఒకే బంతిన కూర్చుని అన్నం తిన్నారు. పదేళ్ళ తర్వాత తెల్లటి మెతుకు చూసి చాలామంది మాట్లాడలేకపోయారు. మంగతాయారు కూడా. నీలం బొమ్మలు అరుగుల మీద వరసగా కూర్చుని, ఎవరు ఎంత పెట్టుకుంటున్నారో చూస్తూ మందలిస్తున్నాయి. కోతలకూ బొమ్మ వదలకుండా దింపడంతో పేరిందేవికి చేతుల బొబ్బలు మానలేదు. చెంచాతో తింటోంది. పక్కన త్రినాథం చేతులూ అదే వాటంగా ఉన్నాయి.

ఆయన మధ్యలో ఆగి, జేబులోంచి గుడ్డ విప్పి, ఆ పాత బొమ్మను విస్తరి పక్కన నిలబెట్టాడు. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిల్లా," అన్నాడు. "భూమి మీద మ్యూజియాల్లో ఇలాంటివి లెక్కలేనన్ని చూశాను. మూడువేల ఏళ్ళు ఆ లోకంలో మన్ను మోసిన బొమ్మలు. ఒక్కదాని చెయ్యీ అరగలేదు. ఒక్క పారా మొద్దుబారలేదు. ఎంత బాగా కాల్చారో మహానుభావులు అని మెచ్చుకుంటూ పాఠాలు చెప్పాను."

పేరిందేవి బొమ్మను చేతిలోకి తీసుకుంది. దాని చిన్న పారల మీద తన బొబ్బల వేలు రాసింది. నున్నగా, నిన్న చేసినట్టు ఉంది. గుండెల మీద చేతులు కట్టుకుని, మొహం మీద చిన్న నవ్వుతో, ఎవరినో పనికి దించి గట్టు మీద నిలబడ్డట్టుంది.

"పాపం ఆ రాజులు," అంది.